తాళం వేసిన ఇంటి లెక్క

న్యూపోర్ట్, వేల్స్

తమ్ముడూ,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కన పిల్లది ఏడుస్తుంటే ఏదో అని పెట్టేశాను కానీ వారం నుంచి అదే మనసులో తిరుగుతోంది. అందుకే రాస్తున్నా. బస్సులో కూర్చున్నప్పుడు మెల్లగా చదువుకో.

నీ ఇంటింటి సర్వే కోసం చందంపేట వైపు తండాలో ఎంపికైన ఆ ఇంటికి రెండుసార్లు పోతే రెండుసార్లూ తాళమే ఉందన్నావు. వాళ్ళు పనికి హైదరాబాద్ పోయారో ఇంకెక్కడికి పోయారో పక్కవాళ్ళకు కూడా సరిగ్గా తెలీదు, నీతో తిరిగే అతనేమో "పక్కింటోళ్ళ లెక్క కొట్టెయ్, ట్యాబ్ ఒప్పుకుంటది" అన్నాడు. అది చెప్పి నువ్వే అడిగావు, "అసలీ ఇంటింటి తిరుగుడు ఎందుకక్కా, జీఎస్టీ ఉంది, ఫోన్‌పే ఉంది, ఆధార్ ఉంది, కంప్యూటరే లెక్కేసుకోదా" అని.

ముందు తాళం సంగతి. నీకు గుర్తుందో లేదో, నువ్వు నాలుగో ఐదో చదువుతున్నప్పుడు కాలువ కింద మన పొలంలో పంటకోత ప్రయోగం చేశారు. మండలాఫీసు నుంచి ఒక సారు టేపు, తాడు, నాలుగు మేకులు పట్టుకుని వచ్చాడు. నాయన ఎంతో సంబరంగా తూము దగ్గర మడి చూపించాడు, మనకున్న దాంట్లో అదే బంగారం లాంటి మడి. ఆ సారు దాని దిక్కు కూడా చూడలేదు. ఆయన కాగితంలో రెండు అంకెలున్నాయి, పొలం మూల నుంచి ఇటు ఇన్ని అడుగులు, అటు ఇన్ని అడుగులు, అక్కడ మేకు కొట్టాలి. కొడితే సరిగ్గా ఆ చౌడు పట్టిన ముక్కలో పడింది. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, అంతవరకే కోసి, కొట్టి, తూకమేశారు. నాయనకు కడుపు మండింది. "ఎండినకాడ కోసి మా పంట గింతే అని రాస్తే ఎట్ల సారూ" అన్నాడు. "ఇంకో ఊళ్ళో మంచిచోట పడుతది, అన్నీ కలిపితేనే జిల్లా పంట తెలుస్తది, నేను ఏరుకున్ననంటే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు" అన్నాడాయన. ఆ మాట నాకు చదువులో చాలా ఏళ్ళ తర్వాతగానీ పూర్తిగా అర్థం కాలేదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1930లలో బెంగాల్‌లో జనపనార పంటను లెక్కపెట్టింది ఇదే దారిలో, 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు పునాది కూడా ఇదే. దేశంలో అన్ని ఇళ్ళూ తిరగలేం, కొన్నింటినే లాటరీ తీసినట్టు తీస్తాం, తీసిన ఇంటిని మాత్రం వదలం.

ఇప్పుడు నీ తాళం ఆలోచించు. ఆ ఇంటికి తాళం ఎందుకుంది? పని కోసం పోయారు కాబట్టి. నువ్వు పక్కింట్లో అడిగితే అక్కడ దొరికేది ఊళ్ళోనే ఉండగలిగిన మనిషి, ఒక ఎకరమో రెండెకరాలో నీళ్ళున్నవాడు. ఆ లెక్క కొడితే తండాలో అందరికీ ఊళ్ళోనే పని ఉన్నట్టు వస్తుంది. నీలాంటి వాళ్ళు వందమంది వంద తండాల్లో అదే చేస్తే, దేవరకొండ వైపు నుంచీ పాలమూరు నుంచీ పొట్ట చేతపట్టుకుని పోయే జనం మొత్తం కాగితంలోంచి మాయమైపోతారు. ఎవరికోసం ఈ లెక్కలు ముఖ్యంగా కావాలో వాళ్ళే ఉండరు. మీ మాన్యువల్‌లో తాళం ఉన్న ఇంటికి ఏం చేయాలో రాసే ఉంటుంది, ఎన్నిసార్లు పోవాలి, ఏ కోడ్ వేయాలి, మారిస్తే దేనికి మార్చాలి అని. అది చదివి అదే చెయ్యి. ట్యాబ్ ఒప్పుకుంటుందని అతనన్న మాట నిజమే. నాలుగేళ్ళ పిల్లోడికి పెళ్ళైందని కొడితే అది అక్కడే ఆపుతుంది, మునుపు కాగితాల కాలంలో అలాంటి తప్పులు పట్టుకోడానికి నెలలు పట్టేది, అదంతా మంచిదే. పక్కింటి లెక్క కొడితే మాత్రం దానికి ఏం తెలుస్తుంది?

ఇక్కడ ఏం జరిగిందో చెప్తాను. నేనుండే ఈ న్యూపోర్ట్‌లోనే ఈ దేశపు గణాంకాల ఆఫీసు హెడ్డాఫీసు ఉంది, ఓఎన్‌ఎస్ అంటారు. డబ్బుకు, కంప్యూటర్లకు, చదువుకున్నవాళ్ళకు కొదవ లేని దేశం. అయినా ఎంతమందికి పని ఉంది, ఎంతమందికి లేదు అనే లెక్క ఇక్కడ కూలిపోయినంత పనైంది. పదీ పన్నెండేళ్ళ కిందట, ఆ లెక్క తీసే లేబర్ ఫోర్స్ సర్వేకు ఎంచిన ఇళ్ళలో దాదాపు సగం జవాబు చెప్పేవి. కరోనా వచ్చి 2020 మార్చిలో గుమ్మం దగ్గరికి పోయి అడగడం ఆపేశారు, ఫోన్ల మీద నడిపారు, తెలియని నంబరు ఎత్తేదెవరు? 2023కి అది నూటికి 17కు పడిపోయింది. ఆ అక్టోబర్‌లో ఆ సర్వే నుంచి నిరుద్యోగం లెక్క ఇవ్వడమే ఆపాల్సి వచ్చింది. జీతాల మీద పన్ను కట్టే రికార్డులు, భృతి తీసుకునే వాళ్ళ రికార్డులు పెట్టి కొన్నాళ్ళు అంచనా వేశారు. వడ్డీ రేట్లు నిర్ణయించే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరే ఇది పెద్ద సమస్య అని బహిరంగంగా చెప్పాడు. మా ఇంటి లోను కిస్తీ ఆ వడ్డీ మీదే ఉంది కదా, బావ నెలనెలా దానికే టెన్షన్ పడతాడు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఇది. 2022లో మాకూ ఇలాంటి సర్వేది ఒక కవరు వచ్చింది. మీ ఇల్లు ఎంపికైంది, మీ జవాబు ముఖ్యం అని రాసి ఉంది. నేను చూసి, తర్వాత చూద్దాంలే అని పెట్టి, చివరికి రీసైక్లింగ్ డబ్బాలో పడేశాను. గణాంకాలు చదువుకున్నదాన్ని, ఆ సారు మాట మన పొలంలో చెవులారా విన్నదాన్ని, నేనే. అప్పటి మాలాగా బయటి దేశం నుంచి వచ్చి, అద్దె ఇంట్లో ఉంటూ, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువమంది పడేస్తే ఈ దేశం లెక్కలో మాలాంటి వాళ్ళు తక్కువగా కనిపిస్తారు. అప్పుడు నాకది తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మళ్ళీ ఈ ఓఎన్‌ఎస్ వాళ్ళేం చేశారనుకున్నావు? గుమ్మం దగ్గరికి మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు. అడిగేవాళ్ళను ఎక్కువమందిని పెట్టుకున్నారు, జవాబు చెప్పినందుకు వోచర్లు ఇస్తున్నారు. ఆన్‌లైన్‌లో నింపే కొత్త సర్వే ఒకటి పక్కన నడుపుతున్నారు, మొదట 2024లో దానికి మారతామన్నారు, తర్వాత 2026, కాదంటే 2027 అన్నారు.

కంప్యూటర్ లెక్కేసుకోదా అన్నావు కదా, వేసుకుంటుంది, కొన్నింటిని మనకంటే బాగా వేసుకుంటుంది. ఇక్కడ ధరలు ఎంత పెరిగాయో చెప్పే ధరల సూచీ కోసం మనుషులు షాపుల్లోకి పోయి రొట్టె ఎంత, పాలెంత అని రాసుకునేవారు. రైలు టికెట్ల ధరలు ఇప్పుడు అమ్మకాల రికార్డుల నుంచే తీసుకుంటున్నారు, కిరాణా సామాన్లకు సూపర్‌మార్కెట్ల బిల్లింగ్ కౌంటర్‌లో స్కాన్ అయ్యే లెక్కలు తీసుకునే పని కూడా పెట్టుకున్నారు. మనిషి రాసుకొస్తే ధర ఒక్కటే తెలుస్తుంది, బిల్లులోనైతే ఎన్ని అమ్ముడుపోయాయో కూడా తెలుస్తుంది. అది చాలా పెద్ద తేడా, ఎందుకంటే ధర పెరిగితే జనం ఇంకోటి కొంటారు. కిరాణాది 2025లోనే మొదలుపెడదామనుకుని ఇంకా పరీక్షించాలని ఏడాది వెనక్కి జరిపారు. ఆలస్యమైందని తిట్టినవాళ్ళున్నారు కానీ నాకైతే ఆ జాగ్రత్త నచ్చింది.

ఎందుకంటే రికార్డులు కూడా తప్పుతాయి. 2025 ఏప్రిల్ నాటికి ఇక్కడ ధరలు ఏడాదిలో 3.5 శాతం పెరిగాయని ప్రకటించారు. తర్వాత చూస్తే బండ్ల పన్ను గురించి ఇంకో ప్రభుత్వ శాఖ ఇచ్చిన డేటాలో తప్పుంది, నిజానికి 3.4. వీళ్ళు దాచకుండా జూన్‌లో వాళ్ళే బయటపెట్టారు. చిన్న తేడానే, అయినా ఆ అంకెను పట్టుకుని పెంచే చెల్లింపులు ఎన్నో ఉంటాయి.

ఇక మన దగ్గర. జీఎస్టీ రికార్డులు పనికొస్తాయి, కాదనను, జీడీపీ లెక్కలో వాటిని వాడటం మంచి పనే. కానీ దేవరకొండ బస్టాండ్ పక్కన చాయ్ డబ్బాకు జీఎస్టీ ఎక్కడిది? ఫోన్‌పేకు డబ్బు కదిలిందనే తెలుసు, అది అప్పా, కూలా, పెండ్లి కట్నమా, దానికేం తెలుసు? ఇవాళ నీ చేనుకు నేను, రేపు నా చేనుకు నువ్వు అని పత్తి ఏరడానికి బదులు పోతే అందులో ఒక్క రూపాయి కూడా కదలదు.

అమ్మ సంగతే తీసుకో. ఎవరైనా వచ్చి ఏం పని చేస్తావమ్మా అంటే అమ్మ ఏమంటుంది? "ఏం జేస్త బిడ్డా, ఇంటికాన్నే ఉంట" అంటుంది. పొద్దున నాలుగింటికి లేచి బర్రెలకు కుడితి పెట్టి, పాలు పిండి కేంద్రానికి పోసి, నాట్లప్పుడు నాట్లకు, కలుపప్పుడు కలుపుకు పోయే మనిషి. ఆ ఒక్క మాట విని "ఇంటి పని" అని కోడ్ కొట్టి లేస్తే అమ్మ పని దేశం లెక్కలోకే రాదు. 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలని తేలింది. అది ఏ యాప్‌లోంచీ రాలేదు, ఎవరో ఒక ఇన్వెస్టిగేటర్ గడపలో కూర్చుని, పొద్దున లేచిన కాడి నుంచి ఏం చేశావమ్మా అని ఓపికగా అడిగితే వచ్చింది. నువ్వు కూడా గడిచిన ఏడు రోజుల్లో ఒక్కో రోజు ఏం చేశారని అడగాలి కదా, దాన్ని మాత్రం తొందరగా దాటెయ్యకు రా. "నిన్న పాలెవరు పిండారు? పోయిన మంగళవారం చేనుకు ఎవరు పోయారు?" అని అడుగు, జవాబు మారిపోతుంది.

బియ్యం సంగతి కూడా అంతే. మన రేషన్ సన్నబియ్యం హుజూర్‌నగర్‌లో 2025 ఉగాదికి మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. బియ్యానికి నెలకెంత ఖర్చంటే "ఏం కొంటలేం" అంటారు. సున్నా రాస్తే వాళ్ళు అన్నం తిననట్టా? అందుకే వినియోగ ఖర్చుల సర్వేలో ఉచితంగా వచ్చినవాటికి విలువ కట్టి ఒక లెక్క, కట్టకుండా ఒక లెక్క, రెండూ ఇచ్చారు. ఆ సర్వే విషయంలో నాకు ఇప్పటికీ బాధ ఉంది, 2017-18లో అంతమంది ఎండల్లో తిరిగి చేసినదాన్ని విడుదల చేయకుండా పక్కన పెట్టారు. దాంతో 2011-12లో ఎవరేం కొన్నారో దాన్ని పట్టుకునే పదేళ్ళకు పైగా ధరల సూచీ నడిపాం, వీసీఆర్‌లూ టేప్‌రికార్డర్లూ అది లెక్కేసే సామాన్ల బుట్టలో అలాగే ఉండిపోయాయి, తిండి వాటా నూటికి దాదాపు 46. 2026 ఫిబ్రవరిలో 2024 ఆధారంగా కొత్త సూచీ తెచ్చారు, తిండి వాటా దాదాపు 37కు వచ్చింది, ఊళ్ళల్లో ఇంటి అద్దెలు కూడా చేరాయి. ఇంత మార్పు వచ్చిందంటే మళ్ళీ ఇల్లిల్లూ తిరిగిన వాళ్ళ వల్లే వచ్చింది, 2022 నుంచి ఒక్కో ఇంటికి మూడేసి సార్లు పోయి అడిగారు.

జనం తలుపు తీయడం లేదని నీ బాధ నాకు తెలుసు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు గుర్తుందా? నేను హాస్టల్ నుంచి ముందురోజు రాత్రి నిలబడే వచ్చాను, బస్సులో కాలు పెట్టే జాగా లేదు, భీవండి నుంచి, ముంబై నుంచి కూడా జనం ఊళ్ళకు వచ్చేశారు. లెక్కలో లేకపోతే రేషన్ పోతుందేమో, పింఛన్ పోతుందేమో అనే భయం కొంత, మనల్ని కూడా లెక్కపెడుతున్నారనే ఆశ కొంత. నీ సర్వేకు ఆ భయమూ లేదు, ఆ ఆశా లేదు. అలాగని పథకం వస్తుందని అబద్ధం చెప్పి తలుపు తీయించకు, ఒక్కసారి మోసపోయారంటే జనగణన వాళ్ళు పోయినప్పుడు కూడా తీయరు. కార్డు చూపించు, పేర్లు బయటికి పోవని చెప్పు, ఎండలో వచ్చావు కదా మంచినీళ్ళు అడుగు. ఆ సారు ఆరోజు నాయనకు విసుక్కోకుండా నిలబడి చెప్పాడు చూడు, అలా చెప్పు.

నేను పడేసిన ఆ కవరు సంగతి ఆన్‌లైన్‌లో వెతికాను, ఎంపిక కానివాళ్ళు తమంతట తాము జవాబిస్తామంటే ఇక్కడి సర్వేవాళ్ళు తీసుకోరు. మళ్ళీ కవరు వస్తే నింపుతాను, రాకపోతే చేసేదేం లేదు.

నాయనకు బీపీ గోళీలు అయిపోయేముందే తెచ్చి పెట్టు, అమ్మ మోకాలికి పట్టీ పంపాను, వారంలో అందుతుంది. మధ్యాహ్నం బండి మీద పోయేటప్పుడు తలకు తువాలు కట్టుకో. ఆ తండాకు మూడోసారి పోయేది పొద్దుగూకినాక పో, కూలికి పోయినవాళ్ళైతే ఆ టైముకు వస్తారు. తాళం తీసి ఉందో లేదో నాకు మెసేజ్ పెట్టు.

అక్క