పుర్రచెయ్యోడి కుడిభుజం

కిలీన్, టెక్సాస్
2025 మే 18

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్‌లో "నీ భుజం కేసు ఏమైందిరా?" అని నువ్వు అడగడం, లైన్ కట్టవడం ఒకేసారి జరిగాయి. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ నువ్వు వినవు, స్పీడు పెంచి సగంలో వదిలేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా. చివర్లో నీతో ఒక పని కూడా ఉంది, కాబట్టి ఆఖరిదాకా చదువు.

ఆర్మీలో దెబ్బతిన్న భుజానికి ఇక్కడి ప్రభుత్వం నెలనెలా పరిహారం ఇవ్వాలని వేసిన ఆ కేసు గెలిచాను. మొదటిసారి మాత్రం ఓడిపోయాను. అది ఎవరి వల్లో కాదు, నా నోటిమాట వల్ల. "పర్లేదు" అంటాం చూడు, ఆ మాట.

నేను 2014లో ఇక్కడి ఆర్మీలో చేరానంటే నువ్వు వారం రోజులు నమ్మలేదు కదా. అప్పట్లో మావ్ని అని ఒక పథకం ఉండేది. గ్రీన్‌కార్డు లేకపోయినా, వాళ్లకి కావలసిన భాషలు వచ్చినవాళ్లనీ డాక్టర్లనీ నర్సులనీ తీసుకునేవాళ్లు. 2009లో మొదలై 2016లో ఆగిపోయింది. నేను హిందీతో దూరాను. మన హిందీ మాస్టారికి చెప్పకు, పెద్దాయన తట్టుకోలేరు.

2016లో ఒకరోజు ట్రక్కు వెనకనుంచి దిగుతుంటే కాలు జారింది. కుడిచెయ్యి పైన కమ్మీ పట్టుకునే ఉంది, ఒళ్లు మాత్రం కిందికి పోయింది. భుజంలో చెరుకుగడ విరిచినట్టు చప్పుడు. సిక్ కాల్‌కి, అంటే ఆర్మీలో జబ్బుపడ్డవాళ్లని చూసేచోటికి, వెళితే 800 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఇచ్చారు. సైనికులు దాన్ని 'రేంజర్ క్యాండీ' అంటారు, ఏ నొప్పికైనా అదే చాక్లెట్టు. రెండు వారాలు బరువులు ఎత్తొద్దని చీటీ రాశారు. రికార్డులో మిగిలింది ఒకే ఒక్క ముక్క: కుడిభుజం బెణికింది.

2018లో బయటికి వచ్చేటప్పుడు ఆరోగ్యం గురించి పెద్ద ఫారం నింపాలి. భుజంలో ఏమైనా ఇబ్బంది ఉందా అన్నచోట లేదు అని గీత పెట్టేశాను. ఉందంటే ఇంకో నెల ఇక్కడే కూర్చోబెడతారని అందరూ భయపెట్టారు. ఇంటికి పోవాలన్న తొందరలో ఎవడు ఆలోచిస్తాడు చెప్పు.

2023 ఆగస్టులో, నిద్రపట్టని రాత్రులు ఎక్కువయ్యాక మాజీ సైనికుల శాఖలో పరిహారానికి క్లెయిమ్ వేశాను. పరీక్షకి పిలిచారు. డాక్టరు చేతిలో మనం ఎనిమిదో తరగతిలో వాడిన కోణమానిని లాంటిది ఉంది, దానికి రెండు పొడుగు కాళ్లు. "చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఎత్తండి" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? డ్రిల్లులో నిలబడ్డట్టు పళ్లు బిగపట్టి తలపైదాకా ఎత్తేశాను. "నొప్పి ఉందా?" అంటే "ఐ యామ్ ఫైన్ సర్" అన్నాను. ఆయన 180 డిగ్రీలు అని రాసుకున్నాడు. ఆయన తప్పేముంది? కారెక్కాక స్టీరింగు తిప్పలేక పావుగంట అలాగే కూర్చున్నా. అది ఏ కాగితంలోనూ లేదు.

2024 ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. చెవుల్లో హోరుకి 10 శాతం వైకల్యం అన్నారు, ఎంత శాతమైతే అంత డబ్బు. భుజానికి అసలు ఏమీ లేదు, సర్వీసుతో సంబంధం కనబడలేదన్నారు. ఇక్కడి లెక్క మూడు కాళ్ల పీట: ఇప్పుడు జబ్బు ఉండాలి, సర్వీసులో ఏదో జరిగి ఉండాలి, ఆ రెంటికీ లంకె ఉందని డాక్టరు చెప్పాలి. నాకు మూడోకాలు లేదు. దానికి నేను పెట్టిన గీతే సాక్ష్యం.

కోపంతో వెంటనే పైఅధికారి చేత మళ్లీ చూపించే దారి పట్టబోయాను. మా కౌంటీలో మాజీ సైనికుల పనులు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, వియత్నాంలో చేసినవాడు, ఫీజు లేదు. ఆయన ఆపాడు. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో, వచ్చిన తీర్పు నచ్చకపోతే మూడు దారులున్నాయట. పైఅధికారి చూసేది ఉన్న ఫైలే, కొత్త కాగితం ఒక్కటీ ముట్టడు. అప్పీళ్ల బోర్డులో జడ్జి దగ్గరికి వెళితే చాలాకాలం పడుతుంది. కొత్త రుజువులు పెట్టుకోవాలంటే సప్లిమెంటల్ క్లెయిమ్, అంటే అదనపు క్లెయిమ్. ఏ దారైనా ఏడాదిలోపు పడితే మొదటి క్లెయిమ్ తేదీ చెయ్యిజారదు. ఆ చివరి మాట నాకు తెలియనే తెలియదు. నెట్‌లో కనిపించే "వచ్చినదాంట్లో ఇంత మాకివ్వండి" అనే బ్యాచ్ జోలికి పోవద్దని కూడా గట్టిగా చెప్పాడు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు కాగితాల వేట. ఎమ్మారైలో రొటేటర్ కఫ్, అంటే భుజం కీలుని పట్టి ఉంచే కండరాల పట్టీ, కొంత చిరిగిందని తేలింది. 2019లో ఫిజియోథెరపీకి వెళ్లిన బిల్లు మా ఆవిడ పాత పర్సులో దొరికింది, ఆవిడకి దండం పెట్టాలి. ఎముకల డాక్టరు ట్రక్కు సంగతి, బిల్లు, ఎమ్మారై అన్నీ చూసి కారణాలతో సహా ఉత్తరం రాశాడు. నూటికి నూరుపాళ్లు అనక్కర్లేదురా, కనీసం సగానికి సగం అవకాశం ఉందంటే చాలు. త్రాసు సమానంగా నిలబడితే సైనికుడి వైపే మొగ్గాలని చట్టం. ఆరోజు నాతో ట్రక్కులో ఉన్న ఒహాయో కుర్రాడు తను చూసింది రాసి పంపాడు.

మా ఆవిడ రాసింది చదివి మాత్రం నాకు మాట రాలేదు. "ఆయన చొక్కా వేసుకునేటప్పుడు ముందు కుడిచెయ్యి దూర్చి, తర్వాత మిగతా చొక్కాని ఒంటి దగ్గరికి తెచ్చుకుంటారు. ఆవకాయ జాడీ పై అరలోంచి కింది అరలోకి మార్చాను. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు." ఇన్నేళ్లూ నేను ఎవరికీ తెలియదనుకున్నాను.

నవంబరులో అన్నీ కలిపి పంపాను. రెండో పరీక్షకి వెళ్లేముందు పెద్దాయన ఒకటే చెప్పాడు: ఎక్కువ చెప్పకు, తక్కువా చెప్పకు, నొప్పి మొదలైనచోట నోరు తెరువు. ఈసారి డాక్టరమ్మ ఎత్తమంటే 80 దగ్గర "ఇక్కడ మొదలైందండీ" అన్నా. 110 దగ్గర ఆగిపోయాను. నొప్పి ఎక్కువైన రోజుల్లో ఎలా ఉంటుందని కూడా అడిగింది. అలాంటి రోజుల సంగతి కూడా అంచనా వేయాలని 2017లో షార్ప్ అనే కేసులో కోర్టు చెప్పిందట.

ఇక్కడే నవ్వొచ్చే సంగతి. వైకల్యం శాతాల పట్టిక ప్రకారం చెయ్యి భుజం ఎత్తు దగ్గర, అంటే 90 డిగ్రీల దగ్గర, ఆగిపోతే 20 శాతం. నాది 110 దాకా పోయింది. అయినా కదిలిస్తే నొప్పి ఉందని తేలితే చాలు, ఆ కీలుకి ఉన్న కనీసపు రేటు ఇవ్వాలని ఇంకో నియమం ఉంది. భుజానికి ఆ కనీసం 20. అంటే నేను దాచిపెట్టిన ఆ "అమ్మా" అనే మాట ఖరీదు 20 శాతం!

ఏప్రిల్‌లో కొత్త తీర్పు వచ్చింది, భుజానికి 20 శాతం. 20కి 10 కలిపితే ఎంత? ఇక్కడ 28. ముందు నూటిలో 20 తీసేసి, మిగిలిన 80లో పదోవంతు, అంటే 8, ఆ 20కి కలుపుతారు. దాన్ని 30కి సరిచేస్తారు. 30 వస్తే పెళ్లానికి కూడా లెక్కలో చోటుంటుంది. నెలకి 175 డాలర్ల 51 సెంట్లు కాస్తా 601 డాలర్ల 42 సెంట్లయింది, పన్ను లేదు. పాత బాకీ 2023 సెప్టెంబరు నుంచి కట్టారు.

ఇప్పుడు నీ పని. నేను సంతకం ఎడమచేత్తో పెట్టడం చూసి రిపోర్టులో వాటం చెయ్యి ఎడమ అని రాశారు. బడిలో నన్ను పుర్రచెయ్యోడా అనే పిలిచేవాడివి కదా. కానీ మా నాయనమ్మ చేతిమీద కొట్టి కొట్టి ముద్ద కుడిచేత్తో తినిపించింది, బౌలింగ్ కుడి, బిందె ఎత్తడం కుడి. రెండు చేతుల వాటం ఉన్నవాడికి దెబ్బతిన్న చెయ్యే వాటం చెయ్యిగా లెక్కవేయాలని నియమం. ఇప్పటికి తేడా లేదు. రేపు చెయ్యి 45 డిగ్రీలకి పడిపోతే వాటం చేతికి 30, రెండోదానికి 20. రికార్డు ఇప్పుడే సరిచేయించుకోమన్నాడు పెద్దాయన.

కాబట్టి చిన్నప్పుడు నువ్వు కళ్లారా చూసింది ఒక పేజీ రాసి పంపు. ఫారం మెయిల్ చేశాను. ఇంగ్లీషులోనే రాయి, లేకపోతే అనువాదం చేయించాలి. నాకోసం ఒక్క ముక్క కూడా పెంచకు. టెన్త్ లెక్కల పరీక్షలో నీకు చీటీ అందించింది ఎడమచేత్తోనే అన్నది మాత్రం వదిలెయ్.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ
పుర్రచెయ్యోడు