తమ్ముడి మీద కోపం, నీ మీద నీకు కోపం

చిట్టితల్లీ,

“వాడిని క్షమించలేనమ్మా. ఆ రోజు అలా అన్నందుకు నన్ను నేనూ క్షమించుకోలేకపోతున్నాను” అన్నావు మొన్న. ఫోనులో జవాబు చెప్పబోతే మధ్యలో ఇద్దరికీ ఏడుపు వస్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు వాడి సంగతి. “తమ్ముడే కదా, పోనీలే” అని మీ పెద్దమ్మ అంటోంది, మీ మేనమామ అంటున్నాడు. నేను అనను. పండగకి కొత్త చీర కూడా కొనుక్కోకుండా నువ్వు కూడబెట్టుకున్న 4 లక్షలు అవి. కోళ్ళఫారానికని తీసుకున్నాడు, ఆరు నెలల్లో ఇస్తానన్నాడు, ఆ తర్వాత నీ ఫోను ఎత్తడమే మానేశాడు. డబ్బు కంటే ఆ ఫోను ఎత్తకపోవడమే నీ గుండెను ఎక్కువ కోసిందని నాకు తెలుసు. కోపం తగ్గితే బాకీ కూడా వదులుకున్నట్టేనని నువ్వు భయపడుతున్నావేమో. ఆ రెండింటినీ ముడిపెట్టకు. నీ మనసు రేపే కరిగినా వాడు నీకు రూపాయితో సహా తీర్చాల్సిందే.

భాగవతంలో ద్రౌపది కథ చిన్నప్పుడు నీకు చెప్పాను. ఆమె అయిదుగురు కొడుకులను నిద్రలోనే చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఎదుట నిలబెట్టాడు. ఆమె విడిచిపెట్టమంది. తాను ఏడుస్తున్నట్టు వాడి తల్లి కృపి ఏడవకూడదంది. భీముడు ససేమిరా అన్నాడు. చివరికి తల మీది మణి తీసుకుని, జుట్టు కోసి వెళ్ళగొట్టారు. ప్రాణం దక్కింది, శిక్షా పడింది. అదే ద్రౌపది దుశ్శాసనుణ్ణి మాత్రం ఏనాడూ క్షమించలేదు. అందుకు ఆమెను తప్పుపట్టిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. కాబట్టి ఫలానా పండగలోపు క్షమించెయ్యి అని నీకు గడువు పెట్టే హక్కు ఎవరికీ లేదు, కన్నతల్లినైన నాకూ లేదు. ఈ మాట రాయడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. మీరిద్దరూ పలకరించుకోని ఇంట్లో నాకు ముద్ద దిగదు.

ఇక రెండోది. నిన్ను లోలోపల తినేస్తున్నది ఇదేనని నాకనిపిస్తోంది.

వాడి అత్తవారి గృహప్రవేశంలో భోజనాల పంక్తిలో వాడి మామగారు వింటుండగా, “అక్క సొమ్ము తిని మీసం మెలేస్తున్నావా?” అన్నావు. వాడు అప్పుడే పప్పన్నం కలుపుకున్నాడు. చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తల ఎత్తలేదు, తినలేదు, కాసేపటికి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. నువ్వు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ చోటు, ఆ మనుషులు, ఆ మాట, మూడూ కావాలనే ఎంచుకున్నావు. నీకు నిద్ర పట్టనిది అందుకే. ఆ బాధను నేను కొట్టిపారేయను. “నీ తప్పేం లేదులే” అంటే నువ్వు నమ్మవు, నమ్మకూడదు కూడా.

బడి పిల్లలను తీసుకుని గుత్తి నుంచి పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి వెళ్ళేదాన్ని. గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉంటాయి, ఎండ వాలుగా పడితే గాని అక్షరాలు కనబడవు. ఆయన పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ అక్కడ ఉన్నాయి. పదమూడోదానిలో కళింగ యుద్ధం గురించి తనే చెప్పుకున్నాడు: లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, అందుకు తాను కుమిలిపోతున్నానని. అయితే ఆ కళింగలోనే, ధౌళిలోనూ జౌగడలోనూ, ఈ శాసనం లేదు. దాని బదులు ప్రజలందరూ నా బిడ్డలేనని, వారిని బాగా చూసుకోమని అధికారులకు చెప్పే వేరే శాసనాలు చెక్కించాడు. మంచి మాటలే. పాత గాయం కెలకకూడదనుకున్నాడో, రాజ్యం సంగతి చూసుకున్నాడో. ఏదైనా, బిడ్డలు పోయిన ఆ తల్లులకు తప్ప దేశమంతటికీ తన బాధ చెప్పుకున్నాడు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు అక్కడే మనసు ఆగిపోయేది.

నువ్వు కూడా నాకు చెప్పావు, నీ స్నేహితురాళ్ళకు చెప్పావు, పెద్దమ్మ దగ్గర కూర్చుని ఏడ్చావు. వాడికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

వాడికి చెప్పు. “ఆ రోజు అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది” అను, అంతే. “కానీ నువ్వు కూడా” అని మొదలుపెట్టకు. డబ్బు ఊసెత్తకు, అది ఇంకో రోజు, ఇంకో మాటగా అడుగు. వాడు విసురుగా ఫోను పెట్టేయవచ్చు, పట్టించుకోకపోవచ్చు. అప్పుడు ఇంకా కోపం వస్తుంది. రానీ. నువ్వు చెప్పాల్సింది చెప్పావా లేదా అన్నది వాడి జవాబును బట్టి మారదు. ఒక్కసారి చెప్పగానే నిద్ర పడుతుందని కూడా నేను హామీ ఇవ్వలేను. కొన్నాళ్ళు ఆ విస్తరి కళ్ళ ముందు మెదులుతూనే ఉంటుంది. మెదిలినప్పుడల్లా నిన్ను నువ్వు తిట్టుకోవడం మాత్రం తగ్గించుకో తల్లీ. నువ్వు తిట్టుకుంటే వాడికేమీ ఒరగదు, నువ్వే చిక్కి సగమవుతున్నావు.

వాడికి కూడా ఈ రోజే ఉత్తరం రాశాను. అందులో ఏం రాశానో నీకు చెప్పను, ఇందులో ఉన్నది వాడికి చెప్పను. నన్ను మధ్యవర్తిని చేయకండి. మీ ఇద్దరికీ తల్లిగానే ఉండనివ్వండి.

వేళకు తిను.

ప్రేమతో,
అమ్మ