టిక్కు తొందరపడి పెట్టకు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. "ఈసారి గ్రూప్-2 కొట్టి తీరాలి" అన్న మాట చదివి సంతోషమేసింది, కొంచెం టెన్షన్ కూడా పట్టుకుంది. ఎన్ని పోస్టులుంటాయి, పేపరెలా వస్తుంది, కటాఫ్ ఎక్కడ ఆగుతుంది, ఇవేవీ నువ్వు తేల్చేవి కావు కదరా. రేపు పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఏం చదవాలో మాత్రం పూర్తిగా నీ ఇష్టం. రోజూ టిక్కు పెట్టుకునే కాగితంలో అదే రాయి.

తెలంగాణ గ్రూప్-2 అంటే నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 చొప్పున 600 మార్కులు. ఆ సిలబస్‌నే చెక్‌లిస్ట్ చేసుకో, కానీ ఉన్నదున్నట్టు దించకు. "తెలంగాణ ఉద్యమం" అని ఒక్క లైను రాస్తే ఎప్పటికీ టిక్కు పడదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలోని అంశాలు, ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమానికి కారణాలు, 1973 ఆరు సూత్రాల పథకం, 1985లో వచ్చిన 610 జీవో... ఇలా విడగొట్టు. ఒక్కోటి ఒక పూటలో అయిపోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పేజీలు తిప్పేశానని టిక్కు పెట్టకు. పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయి. రాయగలిగితే ఒక గీత. వారం తర్వాత మళ్ళీ రాయగలిగితే అప్పుడు టిక్కు. మొదట్లో విసుగొస్తుంది, అయినా వదలకు. పరీక్ష హాల్లో అక్కరకొచ్చేది ఈ రెండోసారి రాసిందే.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 మంచి గుణాలు రాసుకుని, రోజుకో గడి గీసి, తప్పినప్పుడల్లా నల్ల చుక్క పెట్టుకునేవాడు. వారానికి ఒక్క గుణం మీదే గట్టిగా దృష్టి పెట్టేవాడు. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. నాకు బాగా నచ్చింది ఆ వారానికొక్కటి అన్న పద్ధతే. నువ్వేమో వాకింగ్, ఇంగ్లీషు, తెల్లవారుజామున లేవడం, ఫోన్ తగ్గించడం అన్నీ సోమవారం నుంచే అంటున్నావు. వద్దురా. ముందు లేవడం ఒక్కటి కుదుర్చుకో, మిగతావి తర్వాత.

ఆదివారం సాయంత్రం ఖాళీ గళ్ళు చూసుకో. ఒకే అంశం వారాల తరబడి మిగిలిపోతుంటే నిన్ను నువ్వు తిట్టుకోకు. అది ఒక పూటకు పెద్దదై ఉంటుంది, ఇంకా ముక్కలు చెయ్యి. లేదా నీకు నిద్రొచ్చే వేళకు పెట్టుకుని ఉంటావు, పొద్దుటికి మార్చు.

వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నా. ఆ కాగితం పట్టుకునిరా, ఖాళీలున్నా సరే, కూర్చుని ఇద్దరం చూద్దాం. వేళకు అన్నం తిను.

నీ బావ