ఎంత వాన అన్నదే కాదు, నేలలో పదును ఎన్నాళ్లు అన్నదీ చూడాలి

సంపాదకుడు గారికి,

టేకు, జామాయిల్, సరుగుడు తోటలు వేసేవారికి అందే సలహా చాలాసార్లు ఒక్క అంకెతో ముగుస్తోంది: ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్ల వాన పడితే చాలని. చెట్టు ఎదుగుదలను తేల్చేది ఆ మొత్తం ఒక్కటే కాదు. వానకూ వానకూ మధ్య నేలలో పదును, అంటే వేళ్లకు అందే తడి, ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి.

ఇసుక నేలలో మీటరు లోతు వరకు వేళ్లకు అందే నీరు సుమారు 80 మి.మీ., ఇసుక, బంకమట్టి కలిసిన మంచి గరప నేలలో 160 వరకు ఉంటుంది. ముమ్మరంగా ఎదిగే తోట రోజుకు 4 మి.మీ. తాగుతుందనుకుంటే మొదటిది 20 రోజులకు, రెండోది 40 రోజులకు ఖాళీ అవుతుంది. నెల రోజుల బెట్టకు, అంటే వాన లేని ఎండు కాలానికి, ఒక తోట ఎదుగుదల ఆగిపోతే పక్క తోట ఎదుగుతూనే ఉంటుంది. రెండింటి మీదా పడింది ఒకే వాన!

వేడి మరో దెబ్బ. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి పట్టగల ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. అలా గాలి ఎక్కువ నీరు లాగేస్తుంటే నేల తడిగా ఉన్నా ఆకులు నీరు కాపాడుకోవడానికి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ అందక కలప కట్టడం తగ్గుతుంది. బెట్ట ముదిరితే చెట్టులో నీరు మోసే నాళాల్లో నీటిధార తెగి గాలి బుడగలు చేరతాయి. చిటారు కొమ్మలు ఎండడానికి ఇదొక ముఖ్య కారణం. దాన్ని తెగులనుకుని మందు కొడితే డబ్బు దండగ.

అలాగని బెట్ట అన్ని చెట్లకూ శత్రువు కాదు. టేకుకు ఏటా మూడు నుంచి అయిదు నెలల పొడి కాలం ఉంటేనే మేలు. నీరు నిలిచే చోట దాని సన్నవేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. నరికిన దుంగ చివర చూస్తే ఏటేటా కొత్త వలయం పెద్ద రంధ్రాల వరుసతో మొదలవుతుంది. వానలు ముఖం చాటేసిన ఏడు వలయం సాధారణంగా సన్నగా ఉంటుంది.

అందుకే చెట్ల మధ్య ఎడం ముఖ్యం. 3×3 మీటర్ల ఎడంలో 10 మి.మీ. జల్లు చెట్టుకు 90 లీటర్లు. 2×2లో 40 లీటర్లే. పొడి ప్రాంతాల్లో ఒత్తుగా నాటడం, సమయానికి పలుచన చేయకపోవడం రెండూ తప్పే. తొలకరి జల్లు చూసి నాటకుండా, గునపంతో తవ్వి కనీసం 30 సెం.మీ. లోతు వరకు తడి దిగిందో లేదో చూడాలి. నర్సరీ సంచిలో చుట్టుకుపోయిన వేళ్లను కత్తిరించకుండా నాటితే అవి లోతుకు దిగవు. అలాంటి మొక్క మొదటి ఎండాకాలం గట్టెక్కడం కష్టం, గట్టెక్కినా గాలివానకు ఒరుగుతుంది.

మీ వ్యవసాయ పేజీలో వర్షపాతం పక్కనే వాన లేని వరుస రోజుల సంఖ్యనూ, ఉష్ణోగ్రతనూ ప్రచురించండి. నాటే తేదీ, ఎడం నిర్ణయించుకోవడానికి వార్షిక మొత్తం కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.