క్వీన్స్ పొలాన్ని పొలంగానే ఉంచండి: పార్కుల కమిషనర్ గారికి బహిరంగ లేఖ

న్యూయార్క్ నగర పార్కుల శాఖ కమిషనర్ గారికి నమస్కారం.

క్వీన్స్ కౌంటీ ఫామ్ మ్యూజియం గురించి ఈ ఉత్తరం. 1697 నాటి పొలం అది, 47 ఎకరాలు. 1772లో ఏడ్రియన్స్ కుటుంబం కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ నిలిచే ఉంది. 1926లో ఆ నేల క్రీడ్‌మూర్ అనే మానసిక ఆస్పత్రి కిందికి వెళ్లాక కూడా అక్కడ కూరగాయలు పండాయి. చుట్టూ అంతా ఇళ్లతో నిండిపోయినా ఈ నేల ముక్క మిగలడం మన అదృష్టం.

మా పిల్లలకు గుడ్డంటే ఫ్రిజ్‌లోని అట్టపెట్టే. అక్కడ కోళ్ల గూటి దగ్గర వాసనకి ముక్కు మూసుకుంటూనే, గూట్లోని గుడ్లను రెప్ప వేయకుండా చూస్తారు. ఏ మ్యూజియం అద్దాల బీరువా ఇవ్వగలదు దీన్ని?

పొలంలో జరిపే వేడుకలతో ఆదాయం వస్తుంది, కాదనను. కానీ బడ్జెట్ వేసేటప్పుడు ముందు మట్టిని చూడండి. ఇంటి కప్పు పాడైతే మళ్లీ వేయించవచ్చు. ఆ వేడుకలకొచ్చే బండ్లు తిరిగి నేల గట్టిపడితే నీళ్లు ఇంకవు, వేళ్లు దిగవు. అది కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే సాగుభూమిలో ఎప్పటికీ పార్కింగ్ ఉండదని రాతపూర్వకంగా ప్రకటించండి. అక్కడ దున్నేవాళ్లకు సీజన్ పనులు కాకుండా పర్మనెంట్ ఉద్యోగాలివ్వండి. వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు స్టైపెండ్ కూడా.

ఇట్లు,
ఆ పొలాన్ని ప్రేమించే ఒక క్వీన్స్ నివాసి