పద్యంలో బీటు వెతికిన ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎవరెవరు వచ్చారు అనేవన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, కావలసినవాళ్ళు అక్కడ చూసుకోవచ్చు. నివేదికలో అవే మళ్ళీ రాస్తే ఎవరూ చదవరని నాకూ తెలుసు, అందుకని ఈసారి ఏడాదంతా మనం దేని గురించి వాదించుకున్నామో అదే రాస్తున్నాను: పాత పద్యాలకు గిటారు, కీబోర్డు, డ్రమ్స్, ల్యాప్‌టాప్ లూపులతో ఇప్పటి సంగీతం కట్టడం.

మొదటి అభ్యంతరం పెద్దవాళ్ళ నుంచే వచ్చింది. పద్యం అంటే వాళ్ళ చెవిలో ఉన్నది నాటకాల పద్యం, రాగం తీసి, గొంతు సాగదీసి, జనం చేత ఒన్స్ మోర్ అనిపించుకునేది. ఘంటసాల పాడిన పుష్పవిలాపం వినండి, అక్కడా పద్యం తాళానికి కట్టుబడి నడవదు, భావంతో పాటు ఆగుతూ సాగుతుంది. అలాంటిదానికి డ్రమ్స్ పెడితే ఎలా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పాతది ముట్టుకోకూడదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు, ఇప్పుడు మనం భక్తిగా పాడుకునే బాణీల్లో చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు ఈ మధ్య కాలంలో కట్టినవే కదా.

రెడీమేడ్ బీటు ఒకటి తెచ్చి దాని మీద పద్యాన్ని కూర్చోబెట్టే పద్ధతి వద్దని మొదట్లోనే తేల్చుకున్నాం. అలా చేస్తే బీటు కోసం లఘువులు (ఒక మాత్ర కాలం పట్టే పొట్టి అక్షరాలు) సాగుతాయి, గురువులు (రెండు మాత్రల పొడుగు అక్షరాలు) కుంచించుకుపోతాయి, విన్నవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. ఛందస్సులో నడక ఎలాగూ ఉంది, దాన్నే లెక్కపెట్టి చూద్దామనుకున్నాం.

కందంతో మొదలుపెట్టాం, అదృష్టం. కందంలో ప్రతి గణానికీ, అంటే పాదంలోని ప్రతి అక్షరాల గుంపుకీ, నాలుగు మాత్రలు, మొదటి పాదంలో 3 గణాలు, రెండో పాదంలో 5. గణానికి ఒక బార్ (తాళంలో ఒక చుట్టు) చొప్పున వేసుకుంటే రెండు పాదాలకు సరిగ్గా 8 బార్లు, పద్యమంతా 16. పాప్ పాట కట్టేవాళ్ళు అడిగే కొలత అదే! మన కీబోర్డు కుర్రాడికి ఇది చెప్పాక గంటసేపు ఇంకేమీ మాట్లాడలేదు, లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు. ఇంకో విశేషం, రెండో పాదంలో మూడో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) మాత్రమే రావాలి. జగణం అంటే లఘువు, గురువు, లఘువు, అంటే బరువు బార్ మొదట్లో కాకుండా కాస్త జరిగి పడుతుంది. డ్రమ్స్ వాళ్ళు సింకొపేషన్ అనేది అదే, మనవాళ్ళు ఎప్పుడో నియమంగా పెట్టేశారు. పాదం చివర గురువు తప్పనిసరి కాబట్టి స్వరం నిలబడడానికి చోటూ దొరుకుతుంది.

అసలు గొడవ పోతన భాగవతంలోని కందం దగ్గర వచ్చింది. "పలికెడిది భాగవతమట, పలికించెడి వాడు రామభద్రుండట, నే" అని రెండో పాదం ముగుస్తుంది, "పలికిన భవహరమగునట" అని మూడోది మొదలవుతుంది. ఆ "నే" లెక్కకి రెండో పాదానిది, అర్థానికి మూడో పాదానిది. పాడే అమ్మాయి "నే" తర్వాత ఆగితే వాక్యం తెగిపోతోంది, ముందు ఆగితే చివరి గణం విరిగిపోతోంది, ఈ ఒక్క అక్షరం మీద రెండు సమావేశాలు నడిచాయంటే నవ్వుతారేమో. చివరికి ఎక్కడా ఆపొద్దనుకున్నాం: గొంతు "నే" మీద నిలిచి అలాగే మూడో పాదంలోకి జారుతుంది, కార్డ్ (వెనక కలిసి మోగే స్వరాల గుంపు) మాత్రం "నే" దగ్గరే మారుతుంది, దాంతో కొత్త మాట మొదలైందని చెవికి తెలుస్తుంది. మూడో పాదం మొత్తం లఘువులే కాబట్టి అక్కడ గిటారు దానంతటదే పరుగెత్తింది. ఈ ఏడాది మన పనిలో నాకు బాగా నచ్చింది ఇదే.

సీసం సంగతి వేరు. "మందార మకరంద మాధుర్యమున దేలు" అన్నది ఐదేసి మాత్రల నడక, ఖండగతి, పాదం చివరికి వచ్చేసరికి "మదనములకు" అని మూడు, మూడుగా మారిపోతుంది. దాన్ని ఐదుకు సాగదీయాలా, ఉన్నట్టే ఉంచి బీటు మార్చాలా అని తేలక రెండు రకాలుగానూ రికార్డు చేశాం. నా ఓటు బీటు మార్చినదానికే. అన్ని సీసాలూ ఇంత నున్నగా నడవవు, సీసంలో వాడే ఇంద్రగణాల్లో నాలుగు మాత్రలవీ ఉంటాయి, పద్యం ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

వేమన ఆటవెలది, గురజాడ ముత్యాల సరాలు కూడా చేశాం. ముత్యాల సరంలో మూడు, నాలుగు కలిసిన ఏడు మాత్రల నడక బాస్ గిటారుకు అద్భుతంగా కుదిరింది.

మధ్యలో ఒక సాయంత్రం స్వరకర్త షూబర్ట్ 1815లో జర్మన్ కవి గోథే కవితకు కట్టిన ఎర్ల్‌కోనిగ్ పాట పెట్టుకుని విన్నాం. అందులో కొడుకుని పట్టుకుని తండ్రి స్వారీ చేసే గుర్రం పరుగంతా పియానోయే మోస్తుంది, గాయకుడి మీద ఆ భారం పడదు. అది విన్నాక మనవాళ్ళు పద్యం పాడేచోట డ్రమ్స్ బాగా తగ్గించారు. రెవర్బ్ (గొంతుకు జోడించే ప్రతిధ్వని) కూడా తగ్గించాం, ఎక్కువైతే ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు ముద్దయిపోతున్నాయి.

హక్కుల గురించి చాలామంది అడిగారు. మన దేశంలో కవి పోయాక 60 ఏళ్ళ వరకు కాపీరైట్ ఉంటుంది. పోతన, వేమన, 1915లో పోయిన గురజాడ, వీళ్ళతో ఇబ్బంది లేదు. జాషువా 1971లో కన్నుమూశారు, అంటే 2031 ఆఖరు వరకు వారసుల అనుమతి కావాలి. ఆయన పద్యాలు చేద్దామని పట్టుబడుతున్నవాళ్ళు ముందు ఉత్తరం రాయండి, తర్వాత ట్యూన్ కట్టండి. పద్యం పాతదైనా, వేరేవాళ్ళు కట్టిన బాణీ వాడుకుంటే దానికి హక్కులు వేరుగా ఉంటాయి.

జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో పెడతారు, టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

వచ్చే ఏడాది వృత్తాలు, అంటే ఏ అక్షరం లఘువో ఏది గురువో ముందే ఖాయమైన పద్యాలు. ఉత్పలమాల పాదానికి 28 మాత్రలు, యతికి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటుకి) ముందు 12, తర్వాత 16. నాలుగుతో రెండూ భాగారం పోతున్నాయి గానీ లోపల గురువులు బార్ గీతల మీదుగా అడ్డంగా పడుతున్నాయి, అక్కడే పనంతా ఉంది. శార్దూలం, మత్తేభాలకు 30 మాత్రలు, వాటి జోలికి ఇప్పుడే వెళ్ళం. పాడాలనుకునేవాళ్ళు మీకు నచ్చిన ఉత్పలమాల ఒకటి ఎంచుకుని, ముందు వాద్యం లేకుండా మామూలుగా చదివి, అర్థానికి ఎక్కడ ఆగుతున్నారో గీతలు పెట్టుకుని తీసుకురండి.