కొండ ఎక్కిన కౌన్సిల్ బస్సు

సంపాదకుడు గారికి,

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న బొగ్గు లోయల ఊళ్లలో ఒకప్పుడు నడిచిన ఒక చిన్న బస్సు సర్వీసు గురించి మన పాఠకులకు చెప్పాలనిపించి రాస్తున్నాను. బెడ్‌వెల్టీ, మనిదిస్లుయిన్ అనే రెండు చిన్న కౌన్సిళ్లు (మన మునిసిపాలిటీల్లాంటివి) కలిసి 1926లో బస్సులు నడపడానికి వెస్ట్ మాన్‌మత్‌షైర్ ఆమ్నిబస్ బోర్డు అనే సంస్థను పెట్టుకున్నాయి. గని కార్మికుల ఊళ్లు అవి, సొంత బస్సులు నడుపుకోవడం ఎంత ధైర్యమో చూడండి!

బార్గోడ్ నుంచి అబర్‌బార్గోడ్‌కు వెళ్లే కొండదారి నేను నడిచి ఎక్కాను, సగంలోనే ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయాను. మామూలు బస్సులు అక్కడ పనికిరావని బోర్డు ఆ ఒక్క దారి కోసమే ప్రత్యేకంగా బస్సులు చేయించింది. లాభం మాత్రమే చూసుకునేవాళ్లు ఆ పని చేస్తారా?

1974లో ఆ బస్సు సర్వీసు ఇస్లుయిన్ బరో అనే కొత్త కౌన్సిల్ చేతికి వెళ్లింది. 1985 నాటి బ్రిటన్ రవాణా చట్టంతో కౌన్సిల్ బస్సులన్నీ విడి కంపెనీలు కావాల్సి వచ్చింది, చివరికి 2010లో దీన్ని స్టేజ్‌కోచ్ అనే పెద్ద ప్రైవేటు బస్సు కంపెనీకి అమ్మేశారు. నాకైతే చాలా బాధనిపించింది. కార్డిఫ్, న్యూపోర్ట్ బస్సులు మాత్రం నేటికీ కౌన్సిళ్లవే. ఇలాంటి చిన్న సర్వీసుల చరిత్ర మీ ఆదివారం సంచికలో వేయండి.

– ఒక పాఠకురాలు, కార్డిఫ్